అడిగి తీద్దాం, అడిగి పెడదాం



సంఘం వాళ్లు నన్ను సోషల్ మీడియా గురించి మాట్లాడమన్నారు. వార్డెనమ్మ వచ్చిందంటే ఫోన్లు పక్కన పడేయమంటుందని అనుకుంటున్నారేమో. అనను. స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఉద్యోగ నోటిఫికేషన్, హాల్‌టికెట్ అన్నీ అందులోనే వస్తున్నాయి. నేను మాట్లాడేది ఫోటోల గురించి.

మేడారం సంగతే తీసుకుందాం. రెండేళ్లకోసారి మన మంథని వైపు నుంచి కూడా కుటుంబాలకు కుటుంబాలే పోతాయి. చిలకలగుట్ట మీది నుంచి సమ్మక్కను తీసుకొచ్చే ముందు మన కోయ వడ్డెలు చేసే పూజ బయటివాళ్లు చూడరు. కింద లక్షల మంది ఎదురుచూస్తారు గానీ, మాకూ చూపించమని ఎవరూ గొడవకు పోరు. చూపించేది వేరు, దాచుకునేది వేరు అన్న తెలివి మనకు సెల్‌ఫోన్ కన్నా చాలా ముందే ఉంది. అదే జాతరలో, జంపన్న వాగులో ఆడవాళ్లు తానాలు చేస్తుంటే గట్టు మీద నిలబడి వీడియో తీసేవాళ్లూ ఉన్నారు. ఇదేందని అడిగితే, "పబ్లిక్ ప్లేసే కదా మేడం" అంటారు.

ఆ మాటకు జవాబు చట్టంలో ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. నలుగురిలో ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదనే మాట కూడా ఆ తీర్పులో ఉంది. ఐటీ చట్టంలో 66ఇ అనే సెక్షన్ ఉంది. మనిషి ఒంటి మీద దాచుకునే భాగాలను వాళ్ల ఇష్టం లేకుండా ఫోటో తీస్తే మూడేళ్ల వరకు జైలు, లేదంటే రెండు లక్షల వరకు జరిమానా, రెండూ కూడా పడొచ్చు. అది ఇల్లా, బహిరంగ స్థలమా అన్న తేడా లేదని ఆ సెక్షన్ వివరణలోనే రాశారు. తీసినవాడొక్కడే కాదు, గ్రూపులో పంపినవాడూ అందులోకి వస్తాడు. "నేను తీయలేదు, ఫార్వర్డ్ చేశానంతే" అనే తమ్ముళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలె.

చెడు బుద్ధితో తీసేవాళ్లకైతే చట్టం ఉంది. మంచి మనసుతో తీసేవాళ్లతో ఏం చేయాలి? మా హాస్టల్‌కు చలికాలంలో దుప్పట్లు పంచడానికి వస్తుంటారు. సంతోషమే. కానీ దుప్పటి అందుకుంటున్న పిల్ల ముఖం, పేరు, తరగతి సాయంత్రానికల్లా ఫేస్‌బుక్‌లో ఉంటాయి. ఒక పిల్లను క్లాసులో ఆ ఫోటో చూపించి ఏడిపించారు. నా దగ్గరికొచ్చి, "మేడం, దుప్పటి వాపసు ఇస్తే ఫోటో తీసేస్తారా?" అని అడిగింది. ఫోన్ చేస్తే వాళ్లు తీసేశారు, పాపం, వాళ్లకు ఆ ఆలోచనే రాలేదు. అప్పటికే ఎందరి ఫోన్లలో చేరిందో మాత్రం ఎవరు చెప్పగలరు?

"అకౌంట్ ప్రైవేట్‌లో పెట్టుకున్నాం" అని ఆడపిల్లలు ధైర్యంగా చెప్తుంటారు. పెట్టుకోండి, మంచిదే. అది బయటి తలుపు వేసుకోవడం. లోపల కూర్చున్న మూడు వందల మంది 'ఫ్రెండ్స్'లో ఒకరు స్క్రీన్‌షాట్ తీస్తే ఆ తలుపు ఏం చేస్తుంది? ఉద్యోగం వచ్చిన సంబరంలో ఆధార్ నంబరు, కుల ధ్రువీకరణ పత్రం కనబడేటట్టు స్టేటస్ పెట్టడం కూడా ఇట్లాంటిదే.

ఇన్నేళ్లలో నేను చూసింది ఒకటి చెప్తా. ఫోటో పాడు చేసి తిప్పినవాడు కాలేజీకి పోతూనే ఉంటాడు. ఫోటోలో ఉన్న పిల్లను మాత్రం ఇంటివాళ్లు బడి మాన్పించి పెళ్లి సంబంధాలు చూస్తారు. అట్లాంటిది జరిగితే పిల్లను తిట్టకండి. స్క్రీన్‌షాట్ భద్రంగా పెట్టుకుని షీ టీమ్స్‌కు చెప్పండి. సైబర్ నేరాలకు 1930 నంబరు ఉంది. ఆడపిల్లలు ఇంట్లో చెప్పడానికి భయపడితే అన్నలుగా మీరు తోడు పోండి.

ఈ రోజు మీలో చాలామంది ఫోటోలు తీశారు. వెనక వరుసలో కూర్చున్న మా హాస్టల్ పిల్లలు కూడా వాటిలో పడి ఉంటారు. గ్రూపులో పెట్టే ముందు వాళ్లను ఒకసారి అడగండి. ఇద్దరు ముగ్గురు వద్దనే అంటారు, నాకు ముందే చెప్పారు.