ఆంగ్ల విశేషణములును, తారతమ్యమును



మంచిచెడ్డల తారతమ్యము తెలియవలెనని పల్లెలోని పెద్దలు పిల్లలను మందలించుట అందరును విన్నదే. అక్షరము రానివారు సైతము వాడు ఆ మాటలో ఒక వ్యాకరణ విషయము ఇమిడియున్నది. సంస్కృతమున విశేషణమునకు 'తర' చేర్చినచో ఇద్దరిలో ఒకరి ఆధిక్యమును, 'తమ' చేర్చినచో పలువురిలో ఒకరి ఆధిక్యమును తెలియును. లఘువు, లఘుతరము, లఘుతమము. ఈ తర తమముల నుండి పుట్టినదే తారతమ్యము. ఆంగ్ల వ్యాకరణమున పాజిటివ్, కంపారెటివ్, సూపర్లేటివ్ అని పిల్లలు భయముతో వల్లించు మూడు డిగ్రీలును ఇవియే.

అయినను, శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో తెలుగు బడిలో చదివి పై తరగతికి పోయిన బాలుడు 'రామా ఈజ్ టాల్ దేన్ కృష్ణా' అని వ్రాయుచునే యుండును. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, 'టాల్, టాలర్, టాలెస్ట్' అని పదిమారులు వ్రాయించును. మరల అదే తప్పు వచ్చును. పిల్లవానికి ఇంగ్లీషు అబ్బదని ఇంటివారు నిశ్చయించుకొందురు. కొందరి చదువు అంతటితోనే ఆగిపోవును.

ఆ బాలుడు మందబుద్ధి కాడు. తన భాష నియమమును తప్పక పాటించినాడు. 'రాముడు కృష్ణునికంటె పొడగరి' అనునప్పుడు 'పొడగరి' అను మాట మారలేదు. ఆధిక్యమును తెలుపు భారమంతయు 'కంటె' మోసినది. అదియు కృష్ణుని పేరునకు అంటుకొన్నది. చిన్నయసూరి దీనిని పంచమీ విభక్తిలో చేర్చినాడు; అనగా అది నామమును ఆశ్రయించునది. 'అందరిలోను రాముడు పొడగరి' అన్నను విశేషణము కదలదు. ఆంగ్లమున మాత్రము గుర్తులు రెండు కావలెను: కృష్ణుని పేరునకు ముందు 'దేన్', విశేషణమునకు చివర 'అర్'. బాలునికి 'దేన్' కనబడగానే తన 'కంటె' దొరికినది, పని ముగిసినదనుకొన్నాడు. ఈ ఒక్క భేదమును రెండు వాక్యములు ప్రక్కప్రక్కన వ్రాసి చూపినచో పదిమారులు వ్రాయింపు పని తప్పును.

తప్పునకును ఒక కారణముండునని చూచుట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళము చెంత పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. సవరలతో మాటలాడి వారి భాష నేర్చి, దానికి ఆంగ్లమున వ్యాకరణము రచించి 1931లో ప్రకటించిరి. అంతకు ముందు, 1907 ప్రాంతమున, పాఠశాలల తనిఖీ అధికారియగు యేట్స్ దొర, జనులు మాటాడు తెలుగునకును బడిలో చదువు తెలుగునకును గల దూరమును గూర్చి ప్రశ్నింపగా, ఆ ప్రశ్నయే పంతులుగారిని వ్యావహారిక భాషోద్యమమునకు పురికొల్పెను. భాషా నియమము మాటాడువారి నోట వెదకవలెనని వారి వాదము. (వారి పేరును గ్రాంథికమున తలచుట వారికి రుచింపకపోవచ్చును!) బాలుని ఇంగ్లీషు తప్పునకు మూలమును కూడ వాని తెలుగునందే వెదకవలెను.

దీనికి ఎదురు తప్పు 'మోర్ టాలర్' అనుట. 'మరింత పొడుగు' అను అలవాటుచేత 'మోర్' ముందు వచ్చును. నేర్చిన పాఠముచేత 'అర్' వెనుక వచ్చును. పొట్టి మాటకు 'అర్, ఎస్ట్' చాలును, 'బ్యూటిఫుల్' వంటి పొడుగు మాటకు 'మోర్, మోస్ట్' కావలెను, రెండును కూడవు. ఇంత మాత్రమునకు పిల్లవానిని నవ్వులపాలు చేయరాదు. 'శ్రేష్ఠ' అనగానే అన్నిటికంటె మేలైనదని అర్థము. అయినను దానిపై మరల 'తమ' చేర్చిన 'శ్రేష్ఠతమ' రూపము యజుర్వేదముననే యున్నది. షేక్‌స్పియర్ మహాకవి జూలియస్ సీజర్ నాటకమున ఒకే విశేషణమునకు 'మోస్ట్'ను 'ఎస్ట్'ను రెండింటిని తగిలించినాడు. వారికి చెల్లినది, పరీక్షలో చెల్లదు.

'శ్రేష్ఠ, జ్యేష్ఠ, కనిష్ఠ' శబ్దముల చివరనున్న 'ఇష్ఠ'కును ఆంగ్లపు 'ఎస్ట్'కును చుట్టరికము కలదని భాషావేత్తలు తేల్చిరి. 'స్వీట్' మన 'స్వాదు'నకు జ్ఞాతి. 'స్వీటెస్ట్' 'స్వాదిష్ఠ'కు జ్ఞాతి. ఇంటిలో జ్యేష్ఠపుత్రుడని పిలువబడు బాలుడు సూపర్లేటివ్ డిగ్రీని పేరుతోపాటు మోయుచున్నాడన్నమాట!

'గుడ్, బెటర్, బెస్ట్' వంటివి కంఠస్థము చేయక తప్పదు. 'సీనియర్, జూనియర్, సుపీరియర్' లాటిను నుండి వచ్చినవి; అచ్చటనే ఆధిక్యమును నింపుకొని వచ్చినవగుటచే వీనికి 'దేన్' పనికిరాదు, 'టు' వాడవలెను. ఉద్యోగపు అర్జీలలో పెద్దలు సైతము ఇచ్చట జారుదురు. 'పెద్ద' అను మన మాట మఱొక చిక్కు తెచ్చును. తోబుట్టువులలో పెద్దకు 'ఎల్డర్' చెల్లును. 1950లో ఏర్పడిన శ్రీకాకుళము జిల్లా 1979లో ఏర్పడిన విజయనగరము జిల్లాకంటె 'ఓల్డర్' మాత్రమే, 'ఎల్డర్' కాదు.

ఇక తర్కమునకు సంబంధించినది ఒకటి. తరగతిలో రాముడే పొడగరియైనచో 'టాలర్ దేన్ ఎనీ బాయ్' అనరాదు. రాముడును ఆ తరగతివాడే గదా; తనకంటె తాను పొడుగెట్లగును? 'ఎనీ అదర్ బాయ్' అనవలెను. ఈ 'అదర్' ఎందులకో పిల్లవానినే అడిగినచో, సూత్రము చెప్పకయే వాడు కారణము చెప్పగలడు.

గ్రంథాలయమున సాయంకాలము పెద్దపిల్లలు చిన్నవారిని దగ్గర కూర్చుండబెట్టుకొని ఈ పని చేయవచ్చును. కఱ్ఱబల్లపై రెండు పుస్తకములు పెట్టి, ఏది లావో మొదట తెలుగున చెప్పించవలెను. 'కంటె' ఏ మాటను అంటినదో వ్రేలితో చూపించవలెను. పిదప ఆంగ్లమున వ్రాయించి, రెండవ గుర్తు ఎక్కడ చేరినదో అడుగవలెను. మూడవ పుస్తకము పెట్టగానే 'థిక్కెస్ట్' వచ్చును. దాని ముందు 'ది' మఱచినచో, తెలుగున అట్టి మాట లేదని చెప్పి, మరల వ్రాయించవలెను.