వేగము - ధైర్యము
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగపాఠం)



సాహసమనగానే పిల్లల మనస్సు వేగంవైపు పరుగెడుతుంది. ఈ పండుగవేళ ఆ వేగాన్ని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఇటలీలో బ్రేషియా నుండి రోముకు పోయి తిరిగివచ్చే మిల్లే మిలియా కార్ల పందెం 1927లో మొదలైంది. దూరం సుమారు 1,600 కిలోమీటర్లు. దారి జనం నడిచే రహదారే. 1948లో తాజియో నువొలారి 55 ఏళ్ల వయస్సులో, అనారోగ్యంతోనే, ఫెరారీ కారులో బయలుదేరాడు. దారిలో ఇంజిను మూత ఎగిరిపోయింది, మడ్‌గార్డు ఊడిపోయింది. అయినా అందరికంటె ముందే సాగాడు. రెజియో ఎమిలియా వద్ద బండి ఇక కదలనన్నప్పుడే ఆగాడు.

అది ధైర్యమే. కాని 1957 మే 12న గ్విదిజోలో గ్రామం చెంత, అదే పందెంలో మరొక ఫెరారీ టైరు పగిలింది. కారులోని ఇద్దరితోపాటు, చూడవచ్చినవారిలో తొమ్మండుగురు మరణించారు. వారిలో అయిదుగురు పసివారు. ఆ పిల్లలు ఏ సాహసమూ కోరలేదు. దారి ప్రక్కన నిలబడ్డారు, అంతే. ఆపై ఆ పందెం పూర్వరూపంలో జరుగలేదు.

కోయంబత్తూరులో లక్ష్మీ మిల్లు నెలకొల్పిన తెలుగు కుటుంబంలో పుట్టిన సుందరం కరివర్ధన్ చూపిన మార్గం వేరు. ఆయన పందెపు చోదకుడే కాదు, నిర్మాత కూడా. మారుతీ 800 ఇంజినుతో తక్కువ ఖర్చులో ఒంటిసీటు పందెపు కార్లు రూపొందించి, సంపన్నుల క్రీడను యువకులకు అందించారు. ఆ కార్లతో తొలి అడుగులు వేసిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. ఆ దినం చూడకుండానే, 1995లో, కరివర్ధన్ విమాన ప్రమాదంలో కన్నుమూశారు. 2003లో కోయంబత్తూరు సమీపాన ఆయన పేరిట పందెపు బాట వెలసింది.

పందెపు బాటకు హద్దులుంటాయి; అక్కడ చోదకుడు ఒడ్డేది తన ప్రాణాన్ని. మన చిక్కపేట సందుల్లో బట్టల మూటలు మోసే కూలీలుంటారు, తల్లి చేయి పట్టుకొని నడిచే పసివారుంటారు. అక్కడ మోటారు సైకిలును ఉరికించే కుర్రవాడు పరుల ప్రాణాలను పందెం ఒడ్డుతున్నాడు. దానికి ధైర్యమనే పేరు తగదు.

తల్లిదండ్రులారా! యంత్రంపై పిల్లలకున్న మక్కువను అణచవద్దు. బండి తాళం ఇచ్చే ముందు పానా చేతికివ్వండి. విప్పి, బిగించి, దాని బలమూ బలహీనతా ఎరిగినవానికి ఎక్కడ ఆగాలో కూడా తెలుస్తుంది.