బోర్డుకెక్కిన వీరులు

ఇంగ్లండులో బీరు అమ్మే ఇంటి ముందు గుర్తుబోర్డు ఉండి తీరాలన్న నియమం 1393 నాటిది. చదువురాని జనం బొమ్మను చూసే ఇంటిని పోల్చుకునేవారు. తొలినాళ్లలో ఆ బోర్డుల మీద సింహాలు, కిరీటాలు, నాగళ్లు ఎక్కువ. యుద్ధవీరుల పేర్లు జోరందుకున్నది 18వ శతాబ్దంలో, 1739లో పోర్టోబెలో రేవును పట్టుకున్న అడ్మిరల్ వెర్నన్ కాలం నుంచి. పేరు పెట్టేది ప్రభుత్వం కాదు, పబ్ యజమాని. గెలుపు కబురు ఊరి నోళ్లలో నానుతుండగానే బోర్డు మారితే బేరం పెరుగుతుంది.

ఈ వరసలో మార్క్విస్ ఆఫ్ గ్రాన్‌బీది ప్రత్యేక స్థానం. 1760లో జర్మనీలోని వార్‌బుర్గ్ దగ్గర అశ్వదళాన్ని ఉరికిస్తుంటే ఆయన టోపీ, విగ్గు ఎగిరిపోయాయి. బట్టతలతోనే శత్రువు మీద పడ్డాడు. గాయపడి కొలువు వదిలిన సైనికులకు పబ్ పెట్టుకోవడానికి సొంత డబ్బు ఇచ్చేవాడని, ఆ కృతజ్ఞతతోనే వాళ్లు ఆయన పేరు పెట్టుకున్నారని చెబుతారు. 1770లో ఆయన పోయేనాటికి మిగిలింది అప్పులే. ఆయన పేరుతో ఉన్న పబ్బులు మాత్రం నేటికీ అనేక ఊళ్లలో కనిపిస్తాయి.

నౌకాసేనాని నెల్సన్ సొంతూరు నార్ఫోక్‌లోని బర్న్‌హామ్ థోర్ప్. అక్కడి పబ్ పేరు మొదట 'ప్లౌ', అంటే నాగలి. 1793లో నౌక ఎక్కబోయే ముందు ఊరివాళ్లకు ఆయన విందు ఇచ్చింది అక్కడే. 1798లో నైలు విజయం తరువాత అది 'లార్డ్ నెల్సన్' అయింది. అందులో చాలాకాలం బార్ కౌంటరే లేదు. వెనక గదిలో పీపాల నుంచి బీరు పట్టి తెచ్చి ఇచ్చేవారు. సేనానిగా పేరు తెచ్చుకుని ప్రధాని అయిన వెల్లింగ్టన్ సంగతి వేరు. రెండు గినీలు కడితే ఇంటి పన్ను కట్టే ఎవరైనా బీరు అమ్ముకోవచ్చన్న 1830 చట్టం తెచ్చింది ఆయన ప్రభుత్వమే. కొత్త దుకాణాలు వేలల్లో వెలిశాయి, వాటికి పేర్లూ కావలసి వచ్చాయి.

1857 తరువాత బోర్డెక్కిన హెన్రీ హేవ్‌లాక్ పేరు భారతీయులకు మింగుడుపడేది కాదు. కాన్పూరు, లక్నోల మీదికి సేన నడిపినవాడు ఆయన. లండన్‌లో హేవ్‌లాక్ పేరిట పబ్ ఇప్పటికీ ఉంది. అండమాన్‌లోని హేవ్‌లాక్ ద్వీపం మాత్రం 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీది హేవ్‌లాక్ వంతెనకు ఈయనతో పని లేదు. అది మద్రాసు గవర్నర్ ఆర్థర్ హేవ్‌లాక్ పేరు.

1856లో పుట్టిన విక్టోరియా క్రాస్ హోదా చూడని శౌర్యపతకం. మామూలు సిపాయికైనా దక్కుతుంది. దాన్ని అందుకున్నవారి పేర్లు పబ్బులకు చేరడానికి మాత్రం చాలా కాలం పట్టింది. వారిలో పైలట్ లెఫ్టినెంట్ లీఫ్ రాబిన్సన్ కూర్గులో పుట్టినవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916 సెప్టెంబరు 3 తెల్లవారుజామున లండన్ ఉత్తరాన జర్మన్ ఎయిర్‌షిప్ ఎస్‌ఎల్ 11 మీద తూటాల డ్రమ్ములు రెండు ఖాళీ చేసినా అది చెక్కుచెదరలేదు. మూడో డ్రమ్మును తోక దగ్గర ఒకేచోట గురిపెట్టాడు. మంటలంటుకుని అది కఫ్లీ దగ్గర కూలింది. బ్రిటన్ నేల మీద కూల్చిన తొలి జర్మన్ ఎయిర్‌షిప్ అదే. రెండు రోజులకే పతకం ప్రకటించారు. 1917లో జర్మన్లకు బందీగా చిక్కి, యుద్ధం ముగిశాక తిరిగొచ్చి, 1918 డిసెంబరు 31న ఇన్‌ఫ్లుయెంజాతో కన్నుమూశాడు. హారో వీల్డ్‌లో ఆయన సమాధికి దగ్గర్లోనే ఆయన పేరిట పబ్ వెలిసింది.

విక్టోరియా క్రాస్ అందుకున్నవారు పదమూడు వందలకు పైనే. వారిలో బోర్డుకెక్కినవారు బహు తక్కువ. పబ్బుల పేర్లలో పెద్దపీట ఇప్పటికీ సేనానులదే.