పేరు లేని తుపాకీ



ఎనిమిదో తరగతిలో నేను కోసిన ఒక కోత మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. "అల్లూరి సీతారామరాజు పోలీసు స్టేషన్లో పట్టుకున్న తుపాకీ మా ఇంట్లో ఉంది" అన్నాను. అందరూ నోళ్ళు తెరిచారు. సోషల్ మాస్టారు మాత్రం "దాని మీద ఏం రాసుందిరా?" అని అడిగారు. ఏమీ రాసి లేదు. అందుకే నాకు నమ్మకం ఇంకా గట్టిపడింది. దాచిన తుపాకీకి పేరెందుకుంటుంది?

తాతయ్య దాన్ని చెరకు తోటలో పడే అడవిపందుల కోసం ఉంచుకున్నారు. లైసెన్సు నాన్న పేరు మీదికి, తర్వాత నా పేరు మీదికి వచ్చింది. రిటైరయ్యాక విశాఖలో ఒక డీలరు దగ్గర గొట్టాలు విప్పించాను. పైన ఎంత వెతికినా కనబడనిది అడుగున ఉంది. కోడిగుడ్డు ఆకారపు గీతలో ఈఎల్‌జీ అని మూడక్షరాలు, వాటి కింద ఒక నక్షత్రం.

అది బెల్జియంలోని లీజ్ పట్టణపు పరీక్షశాల ముద్ర. మామూలుకన్నా ఎక్కువ మందు దట్టించి పేల్చి, గొట్టం పగలకపోతే వేసేది. తయారుచేసినవాడి పేరు కాదు. అక్కడి పనివాళ్ళు పేరు చెక్కకుండానే తుపాకులు చేసి వ్యాపారులకు అమ్మేవారు. కొన్నవాడు తన పేరు వేసుకుంటే వేసుకున్నట్టు, లేకపోతే లేదు. 1893 నుంచి ఆ ముద్ర పైన కిరీటం చేర్చారు. మా తుపాకీకి కిరీటం లేదు. అంటే 1897లో పుట్టిన సీతారామరాజు కన్నా అదే పెద్దది! గొట్టాల నిండా నీటి అలల్లాంటి గీతలు. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి, కాల్చి అతికిన డమాస్కస్ పని అది. ఇప్పటి తూటా వేస్తే చేతిలోనే చీలిపోవచ్చు, పేల్చకండి అన్నాడు డీలరు.

ఇక మన కథ సంగతి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న మన కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు స్టేషన్లలోనూ కలిపి దొరికినవి 26 తుపాకులు. అవి పోలీసుల ఒంటిగొట్టం తుపాకులు. మాది రెండు గొట్టాల వేట తుపాకీ. పైగా ఆయన తీసుకున్నవాటి లెక్క స్టేషన్లోనే రాసి సంతకం పెట్టిన మనిషి.

మాస్టారూ, మీరు ముందు వరసలోనే కూర్చున్నారు. మీరడిగినదానికి జవాబు ఇది. అమ్మకి మాత్రం ఇంకా చెప్పలేదు. ఎనభై తొమ్మిదేళ్ళొచ్చినా కళ్ళజోడు పెట్టుకుని అచ్చయిన ప్రతి ముక్కా చదువుతుంది. ఈ సావనీరు ఇంటికొచ్చిన రోజు నా పని ఉంది.