పాత కారు కొనేవారికి మనవి

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత కారు కొనటం గురించి మాట్లాడమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరినప్పుడు, ఇది ఉర్దూ పంతుళ్ళు చెప్పవలసిన పాఠమా అని కొందరు నవ్వారు. నవ్వవలసిందే. మేము మిస్త్రీలము కాము. అయితే మన మైలవరంలోనూ, చుట్టుపక్కల గ్రామాల్లోనూ మన వాళ్ళ గుమ్మాల ముందు నిలిచే కార్లలో షోరూము నుండి వచ్చినవి ఎన్నో, చేతులు మారి వచ్చినవి ఎన్నో వేళ్ళ మీద లెక్క పెట్టి చూడండి. పాత బండికి పెట్టే రెండు మూడు లక్షల్లో చీటీ పాడిన డబ్బు ఉంటుంది, గల్ఫ్ నుండి తమ్ముడు పంపిన డబ్బు ఉంటుంది, ఒక్కోచోట ఇల్లాలి మెడలోని గొలుసు కూడా ఉంటుంది. అంత సొమ్ము పెట్టే ముందు అరగంట కూడా బండిని చూడక, రంగు బాగుంది, ఏసీ చల్లగా ఉంది అని బయానా ఇచ్చి వచ్చేవారు మనలో చాలామంది ఉన్నారు.

ఈ విషయం ఇప్పుడు ఎత్తుకోవటానికి ప్రత్యేక కారణం ఉన్నది. అది బుడమేరు. ఆ ఏరు పుట్టేది మన మైలవరం వైపు కొండల్లోనే, కలిసేది కొల్లేటిలో. 2024 ఆగస్టు 31వ తేదీన కురిసిన వాన మన వాగులన్నింటినీ నింపి బుడమేరులో పడింది. జి.కొండూరు మండలంలో బుడమేరు మళ్ళింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1వ తేదీకల్లా నీళ్ళు బెజవాడ సింగ్ నగర్ వైపు ఇళ్ళ మీదికి వచ్చాయి. సైన్యం వచ్చి చేయి కలిపితే గాని గండ్లు పూడలేదు. కొన్ని వీధుల్లో రోజుల తరబడి నీళ్ళు తీయలేదు. అక్కడ మన బంధువులు లేని ఇల్లు ఈ సభలో తక్కువ. వాళ్ళ మంచాలూ, బీరువాలూ, పిల్లల పుస్తకాలూ ఎలా పోయాయో మనం చూచాము. బళ్ళు కూడా అలాగే మునిగాయి. పుస్తకాలు పారవేశారు గాని బళ్ళు పారవేయలేదు. కడిగారు, ఆరబెట్టారు, మరమ్మతు చేయించారు. వాటిలో కొన్ని అమ్మకానికి వచ్చాయి. ఇకముందు కూడా వస్తాయి.

మునిగిన బండి అమ్మటం తప్పని మేము అనటం లేదు. మునిగిన సంగతి చెప్పకుండా అమ్మటం తప్పు. సహీహ్ ముస్లింలో ఉన్న సంఘటన మీలో చాలామందికి తెలుసు. దైవప్రవక్త, సల్లల్లాహు అలైహి వసల్లమ్, బజారులో ఒక ధాన్యపు కుప్ప దగ్గర ఆగి లోపలికి చెయ్యి పెట్టి చూస్తే వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడిందన్నాడు వర్తకుడు. అలాంటప్పుడు తడిసిన భాగాన్ని జనానికి కనపడేలా పైనే ఉంచవలసిందని ఆయన మందలించారు. వాన పడటం వర్తకుని తప్పు కాదు. తడిని అడుగున దాచటమే తప్పు. మన ముందున్నదీ అచ్చంగా అదే సమస్య, కాకపోతే ఇక్కడ కుప్ప ఇనుముది. కొనేవాడు కూడా పైపైన చూడక, లోపలికి చెయ్యి పెట్టి చూడాలన్నదే ఈ రోజు మా మాట.

పాత రోజుల్లో అంబాసిడర్ కారు నీటిలో నిలబడితే ప్లగ్గులు తుడిచి, ఆయిలు మార్చి, రెండు రోజులు ఎండలో పెడితే మళ్ళీ కదిలేది. దానిలో వైర్లు కొద్ది. ఇప్పటి కారులో ప్రతిదానికీ ఒక కంప్యూటరు పెట్టె ఉంటుంది. ఇంజనుకు ఒకటి, గాలిసంచులకు ఒకటి, బ్రేకులకు ఒకటి. కొన్ని బళ్ళల్లో అవి సీటు కింద, కాళ్ళ దగ్గర తివాచీ కింద ఉంటాయి. అంటే నీళ్ళు మోకాలి లోతు వస్తే చాలు, అవి తడుస్తాయి. తడిసిన రోజున చెడిపోవు. లోపల రాగి తీగల మీద పచ్చని చిలుము నెమ్మదిగా పాకుతుంది. నాలుగు నెలలు బాగా నడచి, అయిదో నెలలో ఒక రాత్రి రోడ్డు మీద ఆగుతుంది. మనకు తెలిసిన ఒక అబ్బాయికి ఇదే జరిగింది. పేరూ ఊరూ వద్దు. బాడుగకు తిప్పుకుందామని కొన్న బండి, కొన్న ధరలో మూడో వంతు మరమ్మతుకే మింగింది. అమ్మినవాడు ఫోను ఎత్తటం మానేశాడు.

అందుచేత ముందుగా ముక్కుతో మొదలుపెట్టండి. బండి అద్దాలన్నీ బిగించి ఒక పావుగంట ఎండలో ఉంచమనండి. తరువాత తలుపు తీసి తల లోపల పెట్టండి. బురద వాసన, తడి గోనెసంచి వాసన వస్తే అర్థమైపోతుంది. ఏ వాసనా రాకుండా గుప్పున సెంటు కొడితే ఇంకా అనుమానించాలి. అత్తరు పూసుకోవటం మనకు సున్నతే గాని కారుకు కాదు. ఈ పరీక్షకు ఇంట్లో ఆడవాళ్ళను వెంట తీసుకువెళ్ళటం మంచిది. నిలవ పిండిని వాసన చూచి పట్టేసేవారు వాళ్ళే. మగవాళ్ళు స్టీరింగు చూడగానే మిగతావి మరచిపోతారు.

తరువాత చెయ్యి. సీటు బెల్టును చివరంటా, ఇక రాదు అనేదాకా లాగండి. కారు కడిగేవాడు బెల్టు పైభాగం కడుగుతాడు గాని లోపల చుట్టుకున్న భాగాన్ని కడగడు. అక్కడ బురద చార ఉంటే నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో కూడా తెలిసిపోతుంది. తివాచీ అంచు ఎత్తి కింద నొక్కి చూడండి. సీట్లు బిగించిన బోల్టులు, సీటు జరిపే పట్టాలు తుప్పు పట్టాయేమో చూడండి. మామూలు వాడకంలో అక్కడ అంత తుప్పు రాదు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీని ఒక జానెడు ఊడదీస్తే లోపల సన్నటి ఒండ్రు కనబడవచ్చును. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద గుంట చూడండి, నీళ్ళు చివరిదాకా నిలిచేది అక్కడే. హెడ్‌లైటు అద్దం లోపల ఆవిరి, బురద గీత ఉన్నాయేమో చూడండి. పదేళ్ళ బండికి సీటు కవర్లు, తివాచీ రెండూ కొత్తగా మెరుస్తుంటే, ఎందుకు మార్చారని అడగటంలో మర్యాదలోపం ఏమీ లేదు.

తాళం తిప్పగానే మీటరు దగ్గర చిన్న దీపాలన్నీ ఒకసారి వెలిగి ఆరాలి. గాలిసంచి గుర్తు వెలిగి ఆరకపోతే లోపం ఉన్నట్లు. అసలు వెలగనే వెలగకపోతే ఆ దీపాన్ని ఎవరో పని చేయకుండా చేసి ఉండవచ్చు, అది మరీ చెడ్డది. అద్దాలు, వైపర్లు, హారను, ఏసీ ఒక్కొక్కటి మూడు నాలుగు సార్లు వేసి చూడండి. బెజవాడ ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్ల దగ్గర స్కానరు ఉంటుంది. కారుకు తగిలిస్తే లోపలి కంప్యూటరు దాచుకున్న లోపాలను చదివి చెప్తుంది. దానికి అయ్యే ఖర్చు బండి ధర ముందు లెక్కలోది కాదు. ఆటోనగర్‌లో మన వాళ్ళు ఎంతమంది పని చేస్తున్నారో మీకు తెలుసు. ఒకరిని వెంట పెట్టుకుని వెళ్ళండి. కాని అమ్మేవాడు చూపించిన మిస్త్రీని మాత్రం నమ్మి కూర్చోకండి.

ఇక ఇంజను. వరద బండే కానక్కరలేదు, ఏ బండికైనా ఇవి వర్తిస్తాయి. ఉదయమే, చెప్పకుండా కాస్త ముందుగా వెళ్ళండి. బానెట్ ఎత్తి ఇంజను మీద చెయ్యి వేయండి. అప్పటికే వేడిగా ఉంటే, చల్లటి బండి సరిగా లేవదని ముందే స్టార్టు చేసి ఉంచారేమో అనుకోవలసి ఉంటుంది. ఇంజనాయిలు పుల్ల తీసి చూడండి. నల్లగా ఉంటే ఫరవాలేదు, మార్చుకోవచ్చు. పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉంటే ఆయిలులో నీళ్ళు కలిసినట్లే. స్టార్టు చేసినప్పుడు సైలెన్సరు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతున్నట్లు, నల్ల పొగ అయితే ఇంధనం ఎక్కువ పోతున్నట్లు, బండి వేడెక్కినా తెల్లపొగ దట్టంగా ఆగకుండా వస్తుంటే రేడియేటరు నీళ్ళు ఇంజనులోకి పోతున్నట్లు.

నీళ్ళలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టటం వలన జరిగే నష్టం కూడా చెప్పాలి. సిలిండరులో గాలి అయితే పిస్టను నొక్కినప్పుడు అణుగుతుంది. నీళ్ళు అణగవు. అప్పుడు పిస్టనుకు ఆధారమైన కనెక్టింగు రాడ్డే వంగుతుంది. ఇటువంటి నష్టానికి, ఇంజను రక్షణ అనే అదనపు భాగం తీసుకోకపోతే మామూలు బీమాలో సాధారణంగా డబ్బు రాదు. వరదలో చిక్కిన బండిని స్టార్టు చేయకుండా లాగించుకుని వెళ్ళండి. ఇది పాత కారు కొనేవారికే కాదు, ఉన్నవారందరికీ.

రోడ్డు మీద నడిపి చూడకుండా కొనవద్దు. మన తిరువూరు రోడ్డు మీద పది కిలోమీటర్లు చాలు. ఖాళీ చోట స్టీరింగు వదులుగా పట్టుకుంటే బండి ఒక పక్కకు లాగకూడదు. బ్రేకు వేస్తే తిన్నగా ఆగాలి. టైరు మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. మీటరు ముప్ఫయి వేల కిలోమీటర్లు చూపిస్తూ, బ్రేకు పెడలు రబ్బరు మాత్రం అరిగి నున్నగా ఉంటే, ఆ రెంటిలో పెడలు మాటే నమ్మండి.

కాగితాల విషయానికి వద్దాము. ఒకప్పుడు ఏపీ 16 అని చూస్తే ఇది మన కృష్ణా జిల్లా బండి అని దూరాన్నించే తెలిసేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస వచ్చిన తరువాత నెంబరును బట్టి ఊరు తెలియటం లేదు. అందుచేత ఆర్.సి.లో చిరునామా చదవండి. ముంపు ప్రాంతపు చిరునామా ఉన్నంత మాత్రాన ఆ బండి మునిగిందనుకోవటం అన్యాయం. కాని ఒక ప్రశ్న అడిగే హక్కు మనకున్నది: 2024 సెప్టెంబరు మొదటి వారంలో ఈ బండి ఎక్కడ ఉంది? జవాబు చెప్పేటప్పుడు మనిషి ముఖం చూడండి. ఆపైన బీమా పాలసీలు అడిగి తీసుకోండి, ఒక్కటి కాదు, వరుసగా రెండు మూడేళ్ళవి. క్లెయిము చేయనివారికి ఏటా ప్రీమియంలో తగ్గింపు ఇస్తారు. మొదట 20 శాతం, పెరుగుతూ 50 దాకా పోతుంది. పై ఏడు 35 ఉన్న తగ్గింపు వరద తరువాతి పాలసీలో సున్నా అయితే, మధ్యలో ఏదో క్లెయిము జరిగినట్లు అనుకోవాలి. ఏమి క్లెయిమో అడగండి. కంపెనీ సర్వీసు కేంద్రంలో చేసిన పనుల చీటీలు కూడా చూడండి.

ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు ఆర్.సి.తో అక్షరం అక్షరం సరిపోవాలి. ఫైనాన్సు ఉన్న బండి అయితే ఆర్.సి.లో ఆ సంగతి రాసి ఉంటుంది. అప్పు తీరినట్లు బ్యాంకు వారి పత్రం, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వవద్దు. వడ్డీ విషయం ఆలిములు చెప్తారు, మేము కాగితం వరకే మాట్లాడుతున్నాము. తెలంగాణ బండి అయితే అక్కడి నుండి ఎన్.ఓ.సి. రావాలి, ఇక్కడ పన్ను కట్టాలి. ధర చవక అనిపించేది ఆ పన్ను లెక్క వేయనంత వరకే. సొంత కార్లకు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. 14వ ఏట కొంటే మరుసటి ఏడే ఫిట్‌నెసు, రెన్యూవలు మన నెత్తిన పడతాయి.

అమ్మే సోదరులు కూడా ఈ సభలో ఉన్నారు. వారికి ఒక మాట. బండి పోయింది, డబ్బు వచ్చింది అని ఆర్.సి. మార్పించకుండా ఊరుకోవద్దు. 2018లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో కారు వరుసగా చేతులు మారింది. ప్రమాదం జరిగేనాటికి ఆర్.సి.లో మాత్రం మొదటి అతని పేరే ఉంది. పరిహారం బాధ్యత అతనిదేనని కోర్టు తేల్చింది. రాష్ట్రం లోపల అమ్మితే 14 రోజుల్లో తెలియపరచాలి, కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. బీమా కూడా పేరు మార్చుకోవాలి. లేకపోతే మన బండికి జరిగిన నష్టానికి మనకు రూపాయి రాదు.

బండికి ఐబ్ ఉంటే ముందే చెప్పండి. నీళ్ళలో మునిగింది, ఫలానా పెట్టె మార్చాము, ఇవిగో బిల్లులు అని చెప్పి ధర తగ్గించి అమ్మితే, కొనే బీదవాడికి కూడా అది మంచి బేరమే కావచ్చు. దాచిన లోపం బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కును మన ఫిఖ్‌లో ఖియారె ఐబ్ అంటారు. కొనేటప్పుడే మూడు రోజుల గడువు షరతు పెట్టుకోవటానికి కూడా వీలున్నది, అది ఖియారె షర్త్. మన వాళ్ళు మొహమాటానికి పోయి ఈ రెంటినీ వాడుకోరు. బయానా కాగితం మీద రెండు వాక్యాలు రాయించుకోండి: ఈ బండి వరదలో మునగలేదు, మునిగినట్లు తేలితే డబ్బు తిరిగి ఇస్తాను. నిజం చెప్పేవాడు సంతకం చేయటానికి వెనకాడడు. బావ అయినా, చిన్నాన్న కొడుకు అయినా రాయించుకోవలసిందే. అలా రాసుకున్న తరువాత చుట్టరికం కూడా నిలుస్తుంది.

మిగిలిన డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఫారం 29, 30 మీద సంతకాలు, రెండో తాళంచెవి, పాలసీ, పొల్యూషను పత్రం అన్నీ చేతికి వచ్చిన రోజునే ఇవ్వండి. పాత చలానాలు ఎన్ని బాకీ ఉన్నాయో ఆ ముందు రోజే ఫోనులో చూచుకోండి. వివరాలు కావలసినవారు ఇప్పుడే అడగవచ్చును. మాకు తెలియనివి చెప్పటానికి ముందు వరుసలో ఇద్దరు పెద్ద మిస్త్రీలు కూర్చునే ఉన్నారు.