ఎట్టయాపురం బస్సుయాత్ర



విరుదునగరం నుండి బయలుదేరిన యాత్రాబస్సులో మేము దంపతులము కూడ ఉంటిమి. కోవిల్‌పట్టిలో వేరుసెనగ మిఠాయి కొనుటకే అరగంట పట్టినది, అదియు సద్వినియోగమే! కళుగుమలైలో కొండను పైనుండి క్రిందకు తొలిచిన వెట్టువాన్ కోయిలు చూచి, ఎట్టయాపురం చేరితిమి.

1835లో ముత్తుస్వామి దీక్షితులవారు కన్నుమూసిన ఊరది. వారి సమాధిని, సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఇంటిని గైడు చక్కగా చూపినాడు. కాని సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఆ ఊరనే, తెలుగు లిపిలో అచ్చయినదని చెప్పలేదు. నేను చెప్పితిని. వెనుక సీటులోని మన పిల్లవాడొకడు, ఇంట తెలుగే మాట్లాడువాడు, "ఆ పుస్తకం దొరికితే మాకెవరు చదివిపెడతారు మామా?" అన్నాడు.

మా ఆవిడ సంచిలోని నోటుపుస్తకం తీసి, తిరుగు ప్రయాణంలో వానిచేత అ, ఆలు దిద్దించినది. బస్సు కుదుపులకు అక్షరాలు వంకరలు పోయినవి. సాత్తూరు చేరేసరికి 'ఋ' వరకు వచ్చినారు.