తాళం వేసిన ఇల్లు – మన బాధ్యత

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. పురుళ్లకనీ, మనవల కోసమనీ ఆరేసి నెలలు వెళ్లి వస్తున్నాం. నగలు లాకరులో పెట్టి, ఇంటికి పెద్ద తాళం వేస్తాం. పురపాలక సంఘంలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాణ్ణి కనుక ఒక్కమాట చెబుతాను. తాళం దొంగను ఆపవచ్చునేమో గాని, దోమను ఆపలేదు.

డెంగ్యూ తెచ్చే ఈడిస్ దోమ నిలవ ఉన్న మంచినీటిలో పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. మూత సరిగా లేని సంపు, డాబా మీది ట్యాంకు, వాడని కమోడు – ఇవన్నీ దాని నివాసాలే. మందు కొట్టే సిబ్బంది తాళం వేసిన గేటు దగ్గరే ఆగిపోతారు. దోమ మాత్రం గోడ దాటి పక్కింటి పసిబిడ్డను కుడుతుంది. ఇంట్లో మనం లేకపోయినా ఆ బాధ్యత మనదే.

కనుక ప్రయాణానికి ముందు ట్యాంకు, సంపు ఖాళీ చేయించి, లోపలి గోడలు రుద్ది కడిగించండి. ఈ దోమ గుడ్లు పొడిగా ఉన్నా నెలల తరబడి బతికి, నీరు తగలగానే పొదుగుతాయి. మూతలు గట్టిగా బిగించండి. కుండీల పళ్లేలు బోర్లించండి. కమోడు మూసి ప్లాస్టిక్ కాగితం అంటించండి. డాబా తూములు శుభ్రం చేయించండి. పిట్టగోడలో రావి మొలక కనబడితే వేరుతో సహా తీయించండి. గ్యాసు, మెయిన్ స్విచ్ కట్టేయండి.

తాళంచెవి ఒకటి నమ్మకమైన పొరుగువారికిచ్చి, వారానికోసారి చూడమనండి. పోలీసు స్టేషనులో చెప్పి వెళ్లండి. ఖాళీగా ఉన్న కాలానికి ఆస్తి పన్నులో తగ్గింపు కోరదలచినవారు ముందుగానే పురపాలక సంఘానికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి.

కాపలాకు ఎవరినైనా ఉంచితే, మీ అనుమతితోనే ఉంటున్నట్లు కాగితం రాయించుకోండి. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, యజమాని హక్కును కాదని ఒకరు 12 సంవత్సరాలు బహిరంగంగా స్వాధీనంలో ఉంటే, ఆ యజమాని హక్కే పోయే ప్రమాదముంది. అనుమతితో ఉన్నవారి స్వాధీనం అటువంటిది కాదు. దాన్ని రుజువు చేసేది ఆ కాగితమే.

జీవితకాలపు పొదుపుతో కట్టుకున్న ఇళ్లు ఇవి. మనకు ఆస్తిగా మిగలాలి, పొరుగువారికి ఆపద కాకూడదు.